తన చరిత్రను తానే తగలబెట్టుకున్న మనిషి

పత్తి యుద్ధం - ఏడో భాగం

కిందటి భాగంలో లాంకషైర్ మిల్లుల దగ్గర ఆగాం. 1861లో అమెరికా దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి, కాన్ఫెడరసీ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. తమ పత్తి లేనిదే ఇంగ్లండుకు పూట గడవదని, అదే వచ్చి తమ పక్షాన నిలబడుతుందని నమ్మి తోటల యజమానులు సరుకును రేవులకు పంపకుండా బిగబట్టారు. ఆ వెంటనే ఉత్తరాది నౌకాదళం రేవుల్ని దిగ్బంధించింది. మాంచెస్టర్ చుట్టుపక్కల మగ్గాలు ఆగిపోయి కార్మికులు పస్తులున్నారు. అయినా ఇంగ్లండు యుద్ధంలోకి దిగలేదు. పస్తులున్న ఆ కార్మికులే 1862 డిసెంబరు 31న మాంచెస్టర్‌లో సభ జరిపి, బానిసత్వాన్ని నిరసిస్తూ లింకన్ పక్షాన నిలిచారు.

ఆ సభ జరిగేనాటికి కాన్ఫెడరసీ విదేశాంగ మంత్రిగా రాజధాని రిచ్‌మండ్‌లో కూర్చుని పత్తి దౌత్యం నడుపుతున్నవాడు జూడా పి. బెంజమిన్. వృత్తిరీత్యా న్యాయవాది. నాలుగేళ్లు మాత్రమే బతికిన ఆ ప్రభుత్వంలో ఆయన అటార్నీ జనరల్‌గా చేశాడు, యుద్ధ మంత్రిగా చేశాడు, చివరికి విదేశాంగ మంత్రి అయ్యాడు. అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కు అంత దగ్గరగా మసలిన మంత్రి మరొకడు లేడు. కాన్ఫెడరసీ రెండు డాలర్ల నోటు మీద ఆయన బొమ్మే ఉండేది. ఇంత పెద్ద మనిషి గురించి తెలుసుకుందామని బయలుదేరిన చరిత్రకారులకు మొదట ఎదురయ్యేది బూడిద.

1865 వసంతంలో రిచ్‌మండ్ పతనం ఖాయమని తేలినప్పుడు రహస్య కార్యకలాపాల కాగితాలను బెంజమిన్ తగలబెట్టించాడు. ఆ పని చేయడంలో వింతేమీ లేదు, ఓడిపోతున్న ఏ ప్రభుత్వమైనా చేస్తుంది. అసలు వింత ఆ తర్వాతి కాలంలో జరిగింది. ఇంగ్లండులో స్థిరపడి పేరు, డబ్బు, గౌరవం అన్నీ సంపాదించాక కూడా తనకు వచ్చిన ఉత్తరాల్నీ, తను రాసుకున్న కాగితాల్నీ ఆయన దాచుకోలేదు, చింపేస్తూ కాల్చేస్తూ వచ్చాడు. యుద్ధకాలంలో 'టైమ్స్' పత్రికకు విలేఖరిగా దక్షిణాదికి వచ్చి ఆయనకు స్నేహితుడైన ఫ్రాన్సిస్ లాలీ, ఆయన జీవిత చరిత్ర రాద్దామనుకున్నాడు. ముడిసరుకే దొరకలేదు. జీవిత చరిత్రల్లో రాసేవాళ్ల రాగద్వేషాలు తప్ప మరేమీ ఉండవనీ, అలాంటి పుస్తకానికి పనికొచ్చే కాగితాలు వెనక వదలడం తనకిష్టం లేదనీ బెంజమిన్ ఉద్దేశం. డేవిస్ రెండు సంపుటాల గ్రంథం రాశాడు. సేనాధిపతులు ఒకరి మీద ఒకరు పుస్తకాలు రాసుకున్నారు. బెంజమిన్ మాత్రం యుద్ధం గురించి దాదాపు నోరు విప్పలేదు.

నిజానికి ఏ మనిషీ తన జాడను పూర్తిగా చెరిపేసుకోలేడు. న్యాయవాది అయితే అసలే చెరపలేడు. వాదించిన ప్రతి కేసూ కోర్టు రిపోర్టుల్లో ఉంటుంది. కొన్న భూమి, చేసిన అప్పు, పెళ్లి ఒప్పందం దస్తావేజుల్లో ఉంటాయి. పడనివాళ్లు డైరీలు రాస్తారు. అక్కచెల్లెళ్లు ఉత్తరాలు దాచుకుంటారు. 1907లో పియర్స్ బట్లర్, 1943లో రాబర్ట్ మీడ్, 1988లో ఎలై ఎవాన్స్ - ఈ ముగ్గురూ ఆయన జీవితాన్ని ఇలాంటి తునకలతోనే కూర్చారు. మనమూ ఆ తునకల వెంటే వెళ్దాం.

బెంజమిన్ పుట్టింది అమెరికాలో కాదు. 1811 ఆగస్టు 6న కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రోయ్ దీవిలో పుట్టాడు. లండన్ నుంచి బతుకుతెరువుకు వలసపోయిన యూదు కుటుంబం వాళ్లది. అక్కడి నుంచి ముందు నార్త్ కరోలినాకు, తర్వాత సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ రేవు పట్టణానికి చేరారు. తండ్రి ఫిలిప్ ఏ వ్యాపారం పట్టుకున్నా కలిసిరాలేదు. తల్లి రెబెకా రేవు దగ్గర పండ్ల దుకాణం నడిపి సంసారం ఈదింది. యూదులకు శనివారం పవిత్రమైన విశ్రాంతి దినం. ఆ రోజు కూడా ఆమె దుకాణం తెరిచేదని తోటి యూదులు గుసగుసలు పోయేవారు. ఇంట్లో పిల్లల ఆకలి ముందు ఆ గుసగుసలు ఆమెకు లెక్కలోకి రాలేదు.

ఆ కుటుంబం చార్లెస్టన్ చేరిన రోజుల్లోనే, 1822లో, ఊరు ఒక్కసారి వణికిపోయింది. బానిసత్వం నుంచి విముక్తి కొనుక్కున్న డెన్మార్క్ వీసీ అనే నల్లజాతి వడ్రంగి పెద్ద తిరుగుబాటుకు పథకం వేశాడని అధికారులు పట్టుకున్నారు. వీసీతో కలిపి 35 మందిని ఉరితీశారు. పదకొండేళ్ల వయసులో బెంజమిన్ చుట్టూ ఉన్న లోకం అది. బానిసలు లేనిదే ఊళ్లో ఒక్క పొయ్యీ వెలగదు. తెల్లారేసరికి ఆ బానిసలే తమ గొంతు కోస్తారేమోనన్న భయంతో ఊరికి నిద్రా పట్టదు.

చురుకైన కుర్రాడు. పద్నాలుగేళ్లకే, 1825లో, యేల్ కాలేజీలో చేరాడు. రెండేళ్లకే పట్టా లేకుండా బయటికొచ్చేశాడు. కారణమేమిటన్నది ఆయన జీవితంలో మొదటి చీకటి గది. మళ్లీ చేర్చుకోమని కాలేజీ అధ్యక్షుణ్ణి వేడుకుంటూ 1828 జనవరిలో ఆయన రాసిన ఉత్తరం మాత్రం మిగిలింది. ముప్పై ఏళ్లు దాటాక, 1861లో, బానిసత్వాన్ని వ్యతిరేకించే ఉత్తరాది పత్రిక ఒకటి ఆయన తోటి విద్యార్థుల వస్తువులు దొంగిలించాడని రాసింది. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో శత్రువర్గం పత్రిక వేసిన నింద అది. దాని ఆధారంగా తీర్పు చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

1828లో ఆయన న్యూ ఆర్లీన్స్ చేరాడు. పైనున్న రాష్ట్రాల పత్తంతా మిసిసిపీ నది మీద ఆ రేవుకే దిగేది. లూసియానా రాష్ట్రంలో చట్టం ఇంగ్లీషువాళ్లది కాదు, ఫ్రెంచి, స్పానిష్ సంప్రదాయాల నుంచి వచ్చింది. ఫ్రెంచి రానివాడికి అక్కడ ప్లీడరీ సాగదు. బెంజమిన్ ఒక నోటరీ దగ్గర గుమాస్తాగా కుదిరాడు. సాయంత్రాలు నాటలీ సెయింట్ మార్టిన్ అనే క్యాథలిక్ అమ్మాయికి ఇంగ్లీషు చెబుతూ, ఆమె దగ్గర ఫ్రెంచి నేర్చుకున్నాడు. 1832 చివర్లో న్యాయవాది అయ్యాడు, మరుసటి ఏడాదే ఆమెను పెళ్లాడాడు. పెళ్లి ఒప్పందంలో కట్నం వివరాలు ఉన్నాయి: మూడు వేల డాలర్ల నగదు, ఇద్దరు బానిస ఆడపిల్లలు. ఒకరికి పదకొండేళ్లు, మరొకరికి పదహారు. పెళ్లికూతురి వయసూ అప్పుడు పదహారే.

1834లో తోటి న్యాయవాది థామస్ స్లైడెల్‌తో కలిసి లూసియానా కోర్టుల తీర్పులన్నిటినీ విషయాల వారీగా సంక్షిప్తీకరించి పుస్తకం వేశాడు. అంతవరకు ఆ తీర్పుల చిట్టడవిలో దారి తెలిసిన పుస్తకం లేదు. ప్లీడర్లంతా దాన్ని కొన్నారు. కేసులూ ఆ వెంటే వచ్చాయి.

ఆ కేసుల్లో ఒకటి ఆయన జీవితం మొత్తాన్నీ నిలదీస్తుంది. 1841 నవంబరులో 'క్రియోల్' అనే ఓడ వర్జీనియా నుంచి న్యూ ఆర్లీన్స్‌కు 130 మందికి పైగా బానిసలను అమ్మకానికి తీసుకెళ్తోంది. దారిలో మాడిసన్ వాషింగ్టన్ అనే బానిస నాయకత్వంలో పంతొమ్మిది మంది తిరగబడి ఓడను చేతిలోకి తీసుకుని, బ్రిటిష్‌వారి ఏలుబడిలో ఉన్న నసావ్ రేవుకు మళ్లించారు. బ్రిటిష్ గడ్డ మీద అప్పటికే బానిసత్వం రద్దయింది. దాదాపు అందరూ స్వేచ్ఛ పొందారు. 'సరుకు' పోయింది కాబట్టి నష్టపరిహారం ఇవ్వాలని యజమానులు బీమా కంపెనీల మీద దావాలు వేశారు. కంపెనీల తరఫున నిలబడింది బెంజమిన్.

ఆయన వాదన ఇది. బానిస అంటే మనిషి. ప్రేమ, పగ, దుఃఖం, అసూయ అతనికీ ఉంటాయి. అయినవాళ్ల నుంచి విడదీసి, ఇరుకైన ఓడలో కుక్కి తీసుకెళ్తుంటే స్వేచ్ఛ కోసం తిరగబడడం మానవ స్వభావం. ఆ స్వభావం వల్ల జరిగిన నష్టానికి బీమా వర్తించదు. 1845లో లూసియానా సుప్రీంకోర్టు కంపెనీల పక్షానే తీర్పు చెప్పింది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు ఆ వాదనను సంతోషంగా కరపత్రంగా పంచుకోవచ్చు, అంత గట్టిగా రాశాడు.

ఆ దావాలు నడుస్తుండగానే, 1844లో, బెంజమిన్ ఒక భాగస్వామితో కలిసి నది ఒడ్డున బెల్‌షాస్ అనే చెరుకు తోట కొన్నాడు. ఆ తోటలో సుమారు 140 మంది బానిసలు పనిచేసేవారు. చెరుకు పని దక్షిణాది తోట పనులన్నిటిలోకీ కఠినమైంది. నరుకుడు కాలంలో రాత్రీ పగలూ గానుగ ఆగదు, రసం కాగే బానల దగ్గర ఒళ్లు కాలడం మామూలు. తోట యజమానిగా బెంజమిన్ కొత్త రకం యంత్రాలు తెప్పించి, పంచదార శుద్ధి గురించి పత్రికల్లో వ్యాసాలు కూడా రాశాడు. వాటిలో యంత్రాల ముచ్చటే తప్ప మనుషుల ముచ్చట లేదు.

పరిశోధన ఎంత దూరం పోగలదో, ఎక్కడ గోడకు తగులుతుందో ఇక్కడ కనిపిస్తుంది. లూసియానా చట్టంలో బానిసలు స్థిరాస్తి కింద లెక్క. కొనుగోలు, అమ్మకం, తాకట్టు ఏదైనా నోటరీ ముందు రాయాలి. ఆ దస్తావేజులు న్యూ ఆర్లీన్స్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి పేరు ఒక్క మాట, పక్కన వయసు, ధర. అంతటితో సరి. బెంజమిన్ తన కాగితాలు తానే కాల్చుకున్నాడు, అది ఆయన ఎంచుకున్న మౌనం. ఆ తోటలో చెరుకు నరికినవాళ్లకు చదువు చెప్పడమే నేరమని లూసియానా చట్టం. కాల్చుకోవడానికి వాళ్ల దగ్గర కాగితం లేదు. ఒకే తోటకు సంబంధించిన ఈ రెండు మౌనాలను ఒకే గాటన కట్టకూడదు.

భార్య నాటలీకి తోట జీవితం రుచించలేదు. చిన్న కూతురు నినెట్‌ను తీసుకుని పారిస్ వెళ్లిపోయింది. అప్పటినుంచి నలభై ఏళ్లు ఆ దాంపత్యం చాలావరకు సముద్రం మీద ఉత్తరాలుగానే సాగింది. ఆయన ఏటా వీలైనప్పుడు వెళ్లి చూసి వచ్చేవాడు, డబ్బు పంపేవాడు. 1850 ప్రాంతంలో తోటలోని తన వాటా అమ్మేశాడు. ఆ తర్వాత వకాలతు, రాజకీయం.

1853లో లూసియానా నుంచి సెనేటర్‌గా వాషింగ్టన్ చేరాడు. అదే సమయంలో అధ్యక్షుడు ఫిల్‌మోర్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవి ఇవ్వబోతే వద్దన్నాడు. యూదు సెనేటర్ సభలో మాట్లాడటం ఆ కాలానికి అరుదైన దృశ్యం. ఒహాయోకు చెందిన సెనేటర్ బెంజమిన్ వేడ్ ఆయన్ను ఈజిప్టు సిద్ధాంతాలు పట్టుకున్న ఇజ్రాయేలీయుడని నిండు సభలో దెప్పిపొడిచాడు. ఫరోల చెర నుంచి విడుదలైన జాతిలో పుట్టి, మరో జాతిని చెరలో ఉంచడానికి వాదిస్తున్నావన్నది ఆ దెప్పు. అందులో జాతి ద్వేషం ఉంది. జవాబు లేని నిజమూ ఉంది.

జెఫర్సన్ డేవిస్‌తో ఆయన స్నేహం గొడవతో మొదలైంది. 1858లో సైన్యం ఖర్చుల మీద చర్చలో డేవిస్ చులకనగా మాట్లాడాడు. బెంజమిన్ బయటికి వచ్చి, తుపాకులతో ద్వంద్వ యుద్ధానికి రమ్మని చీటీ రాసి ఒక తోటి సెనేటర్ చేత పంపాడు. డేవిస్ చదివి, తప్పు తనదేనని ఒప్పుకుని ఆ చీటీ చించేసి, సభలో అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. బక్కపలచని, ముక్కోపి సైనికుడు డేవిస్. పొట్టిగా, బొద్దుగా, ఎప్పుడూ పెదవుల మీద చిరునవ్వు చెదరని వకీలు బెంజమిన్. ఒకరిలో లేనిది ఒకరు చూసుకున్నారు. మూడేళ్ల తర్వాత డేవిస్ తన మంత్రివర్గం కట్టుకుంటున్నప్పుడు అటార్నీ జనరల్ పదవికి ఆయన్నే పిలిచాడు.

ఆ తొలి రోజుల్లో, అలబామాలోని మాంట్‌గొమరీలో జరిగిన మంత్రివర్గ సమావేశంలో బెంజమిన్ ఒక సలహా ఇచ్చాడు. ప్రభుత్వమే వెంటనే లక్ష బేళ్ల పత్తి కొని, దిగ్బంధం బిగుసుకోకముందే ఇంగ్లండుకు పంపాలని, కొంత అమ్మి ఆయుధాలు కొని, మిగతాది అక్కడే నిల్వ ఉంచి దాని మీద అప్పు తెచ్చుకోవాలని. యుద్ధం నెలల్లో ముగిసిపోతుందని నమ్మిన మిగతా మంత్రులు ఒప్పుకోలేదు. పత్తిని దాచిపెట్టి ఇంగ్లండును లొంగదీయాలని అందరూ అనుకుంటున్నప్పుడు, అమ్మి సొమ్ము చేసుకోవాలని చెప్పిన ఒకే ఒక్కడు రేవు పట్టణం న్యాయవాది. ఈ ధారావాహికలో ఇంతవరకు చూసిన తప్పుల్లోకెల్లా పెద్దది ఆ సలహా వినకపోవడమేనని నేను అనుకుంటున్నాను. రెండేళ్ల తర్వాత, 1863లో, పారిస్‌లోని ఎర్లాంజర్ బ్యాంకు ద్వారా అదే పత్తిని హామీగా చూపి 30 లక్షల పౌండ్ల బాండ్లు అమ్మాల్సి వచ్చింది. అప్పటికి రేవులు మూసుకుపోయాయి, కాన్ఫెడరసీ పరపతి పడిపోయింది.

1861 శరదృతువులో ఆయన యుద్ధ మంత్రి అయ్యాడు. తుపాకీ పట్టి ఎరగని వకీలు సేనాధిపతులకు ఆజ్ఞలు పంపడం వాళ్లకు కొరుకుడు పడలేదు. బోరెగార్డ్ ఆయనతో ఉత్తరాల యుద్ధమే నడిపాడు. స్టోన్‌వాల్ జాక్సన్ అయితే, రామ్నీ పట్టణం నుంచి సైన్యాన్ని వెనక్కి పిలవమని ఆజ్ఞ రాగానే దాన్ని పాటించి, వెంటనే రాజీనామా పత్రం రాసి పంపాడు. వర్జీనియా గవర్నర్ బతిమాలి ఆపాడు. యుద్ధ శాఖలోనే గుమాస్తాగా పనిచేసిన జాన్ జోన్స్ రోజూ డైరీ రాసేవాడు. అందులో మంత్రిగారి మీద అక్కసూ, యూదుల మీద ద్వేషమూ పేజీ పేజీకీ కనిపిస్తాయి. అయినా పరిశోధకులు ఆ డైరీని వదలలేరు. బెంజమిన్ ఎప్పుడొచ్చాడు, ఎవరితో మాట్లాడాడు, ఎలా నవ్వాడు - ఇవన్నీ రాసిపెట్టింది ఆ ద్వేషి ఒక్కడే.

1862 ఫిబ్రవరి 8న నార్త్ కరోలినా తీరంలోని రోనోక్ దీవి ఉత్తరాది సైన్యం వశమైంది. అక్కడి సేనాని హెన్రీ వైజ్ అంతకుముందే మందుగుండు, ఫిరంగులు పంపమని పదేపదే అడిగాడు. రాలేదు. ఆ పోరులో వైజ్ కన్నకొడుకే చనిపోయాడు. కాన్ఫెడరేట్ కాంగ్రెసు విచారణ జరిపి తప్పు యుద్ధ మంత్రిదేనంది. పంపడానికి రిచ్‌మండ్‌లో మందుగుండే లేదన్నది అసలు సంగతి. ఆ మాట బయటికి చెబితే శత్రువుకు తెలిసిపోతుంది. డేవిస్‌తో మాట్లాడుకుని, బెంజమిన్ నింద తన మీద వేసుకుని ఊరుకున్నాడు. ఊరంతా తిట్టింది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి శపించాడు. మార్చిలో డేవిస్ ఆయన్ను విదేశాంగ మంత్రిని చేశాడు. ఆ నిజం బయటపడటానికి ఏళ్లు పట్టింది. బెంజమిన్ మౌనాన్ని కేవలం జిత్తులమారితనమని కొట్టిపారేసేవాళ్లు రోనోక్ సంగతిని కూడా తూకంలో వేయాలి.

రిచ్‌మండ్‌లో ఆ మూడేళ్ల బతుకు ఎలా ఉండేదో డేవిస్ భార్య వరీనా 1898లో లాలీకి రాసిన ఉత్తరాల వల్ల కొంత తెలుస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా డేవిస్, బెంజమిన్ కలిసి కూర్చుని పనిచేసేవారు. అధ్యక్షుడు అలసి చిరాకు పడేవాడు, మంత్రి మాత్రం చెక్కుచెదరకుండా నవ్వుతూ బయటికొచ్చేవాడు. మంచి తిండి ఆయనకు ఇష్టం. దిగ్బంధంలో సరుకులు దొరకని రోజుల్లో వాళ్ల పెరటి చెట్టు వాల్‌నట్ గింజలు నూరిన ముద్దను రొట్టె మీద రాసుకుని, చుక్క షెర్రీతో తింటూ మెచ్చుకునేవాడట. అదే నగరంలో 1863 ఏప్రిల్ 2న ఆడవాళ్లు కత్తులూ గొడ్డళ్లూ పట్టుకుని రొట్టె కోసం దుకాణాల మీద పడ్డారు. డేవిస్ స్వయంగా వీధిలోకి వచ్చి, కాల్పులు తప్పవని హెచ్చరించాకే వాళ్లు చెదిరిపోయారు.

ఓటమి దగ్గరపడ్డాక, 1865 ఫిబ్రవరి 9న రిచ్‌మండ్‌లోని ఆఫ్రికన్ చర్చిలో కిక్కిరిసిన సభలో బెంజమిన్ లేచి, సైన్యంలో చేరే బానిసలకు తుపాకీ ఇవ్వాలి, స్వేచ్ఛ కూడా ఇవ్వాలి అన్నాడు. ఏ బానిసత్వం కోసం రాష్ట్రాలు విడిపోయాయో దాన్నే వదులుకుందామని ఒక మంత్రి బాహాటంగా చెప్పడం పెద్ద దుమారం లేపింది. మార్చి 13న కాంగ్రెసు నల్లవారిని సైన్యంలో చేర్చుకునే చట్టం చేసింది కానీ అందులో స్వేచ్ఛ మాట లేదు. ఇరవై ఏళ్ల కిందట క్రియోల్ కేసులో బానిస కూడా మనిషేనని వాదించినవాడికి ఆ సంగతి మళ్లీ గుర్తుకొచ్చింది సైన్యం కరిగిపోయిన తర్వాతే. దాన్ని పశ్చాత్తాపమనడానికి నాకు మనసొప్పదు.

ఏప్రిల్ 2 రాత్రి ప్రభుత్వం రైలెక్కి పారిపోయింది. రైలు పట్టాలు అయిపోయాక గుర్రాల మీద పోవాలి. స్థూలకాయుడైన బెంజమిన్‌కు గుర్రపు స్వారీ పడదు, అందుకని ఒక అంబులెన్సు బండి ఇచ్చారు. డేవిస్ కార్యదర్శి బర్టన్ హారిసన్ తర్వాత రాసిన జ్ఞాపకాల్లో ఆ రాత్రి కళ్లకు కడుతుంది. వాన, చీకటి. బండి చక్రాలు బురదలో దిగబడి కదలడం లేదు. తోటి మంత్రులు దిగులుతో ముడుచుకుని కూర్చున్నారు. చీకట్లో ఒక చుట్ట నిప్పు మాత్రం మినుకుమంటోంది. బెంజమిన్ నిదానంగా టెన్నిసన్ పద్యం వినిపిస్తున్నాడు.

మే మొదట్లో జార్జియాలో ఆయన డేవిస్ దగ్గర సెలవు తీసుకున్నాడు. కొద్ది రోజులకే డేవిస్ పట్టుబడ్డాడు. బెంజమిన్ మాత్రం ఇంగ్లీషు సరిగ్గా రాని ఫ్రెంచి పెద్దమనిషి వేషం వేసి మెస్యూ బాన్‌ఫాల్స్ అయ్యాడు. ఫ్లోరిడా చేరాక ముతక బట్టలు కట్టి మిస్టర్ హోవర్డ్ అనే రైతు అయ్యాడు. అప్పటికి లింకన్ హత్య జరిగింది. హంతకుడితో కుట్ర చేశాడన్న ఆరోపణ ఎదుర్కొన్న జాన్ సరాట్ అంతకుముందు బెంజమిన్ శాఖకే రహస్య ఉత్తరాలు మోసినవాడు. దొరికితే ఉరి తప్పదని బెంజమిన్‌కు తెలుసు. ఆయనకు హత్యతో సంబంధం ఉందని ఈనాటికీ రుజువు దొరకలేదు.

ఫ్లోరిడా తీరం నుంచి చిన్న పడవలో బయలుదేరి జూలై 10న బిమినీ దీవి చేరాడు. అక్కడి నుంచి నసావ్‌కు స్పాంజీ సరుకు మోసే ఓడ ఎక్కాడు. తడిసిన స్పాంజీ ఉబ్బి ఓడ పలకలు పగిలి, చూస్తుండగానే మునిగిపోయింది. వెనక కట్టిన చిన్న తెప్పపడవలోకి ముగ్గురు నల్లజాతి నావికులు, వాళ్లతో పాటు ఆయనా దూకారు. ఒకే ఒక్క తెడ్డు, కుండలో కొంచెం అన్నం, కాసిని నీళ్లు. లైట్‌హౌస్‌ల తనిఖీకి తిరిగే బ్రిటిష్ పడవ కనిపించి ఎక్కించుకునేదాకా నలుగురి ప్రాణాలూ ఆ తెడ్డు మీదే. ఇదంతా ఆయనే తన సోదరికి ఉత్తరంలో రాశాడు. ఆమె దాన్ని కాల్చలేదు, అందుకే మనకు తెలిసింది. క్రియోల్ బానిసలు స్వేచ్ఛ పొందిన నసావ్ రేవులోనే ఆయనకూ రక్షణ దొరికింది. అక్కడి నుంచి హవానా, అక్కడి నుంచి ఇంగ్లండు ఓడ. ఆ ఓడకూ దారిలో నిప్పంటుకుంది. ఆగస్టు 30న సౌతాంప్టన్‌లో దిగేనాటికి ఆయన వయసు 54.

చేతిలో పెద్దగా ఏమీ లేదు. తను కొన్న పత్తిలో దిగ్బంధం దాటుకుని లివర్‌పూల్ చేరిన సుమారు వంద బేళ్లే ఆధారం. 1866 జనవరిలో లండన్‌లో బారిస్టర్లను తయారుచేసే లింకన్స్ ఇన్‌లో కుర్రవాళ్ల పక్కన విద్యార్థిగా చేరాడు. మామూలుగా మూడేళ్లు చదవాలి. ఆయన్ను చూసి నియమం సడలించారు, జూన్‌లోనే బారిస్టరయ్యాడు. ఆ మధ్యలో మే నెలలో ఓవరెండ్ గర్నీ ఆర్థిక సంస్థ కుప్పకూలి ఆయన దాచుకున్నది చాలావరకు పోయింది. పత్రికకు వ్యాసాలు రాసి కడుపు నింపుకుంటూ రాత్రిళ్లు పుస్తకం రాశాడు. 1868లో వెలువడిన ఆ పుస్తకం వస్తువుల అమ్మకపు చట్టం గురించి. సరుకు ఎప్పుడు కొనుగోలుదారుడిదవుతుంది, దారిలో పాడైతే నష్టం ఎవరిది, నమూనా చూపి వేరే సరుకు అంటగడితే ఏం చేయాలి? ఇంగ్లండు తీర్పుల పక్కన అమెరికా తీర్పుల్నీ ఫ్రెంచి కోడ్‌నూ పెట్టి ఇవన్నీ విడమరిచాడు. లూసియానాలో రెండు చట్టాల మధ్య గడిపిన ముప్పై ఏళ్లు అందులో పనికొచ్చాయి.

ఇక ఆయనకు తిరుగు లేకపోయింది. 1872 నాటికి ఇంగ్లండు పెద్ద వకీళ్ల వరుసలో చేరాడు. వలస రాజ్యాల అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్‌లో ఆయన పేరు మారుమోగింది. అప్పట్లో మన మద్రాసు హైకోర్టు తీర్పుల మీద అప్పీళ్లు చేరేదీ అక్కడికే. 1876లో ఫ్రాంకోనియా కేసులో, డోవర్ తీరం దగ్గర మరో ఓడను ఢీకొట్టి ఒక ప్రయాణికురాలి చావుకు కారణమైన జర్మన్ కెప్టెన్ తరఫున నిలబడి, తీరం దాటిన నీళ్ల మీద ఇంగ్లండు కోర్టుకు అధికారం లేదని వాదించి ఏడుగురు జడ్జీలను తన వైపు తిప్పుకున్నాడు. ఆరుగురు వ్యతిరేకించారు. పార్లమెంటు 1878లో ప్రత్యేకంగా చట్టం చేసుకోవాల్సి వచ్చింది. ఆయన అమ్మకపు చట్టం పుస్తకం ఇప్పటికీ కొత్త ముద్రణలు పొందుతోంది. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఇంగ్లండు 1893 చట్టం అచ్చులో పోసింది కనుక, మన హైకోర్టు లైబ్రరీల బీరువాల్లోనూ 'బెంజమిన్' కనిపిస్తాడు. ఆ పుస్తకం తిరగేసే న్యాయవాదుల్లో ఎంతమందికి రచయిత కథ తెలుసో మరి.

1883 జూన్ 30న లండన్‌లోని ఇన్నర్ టెంపుల్ హాలులో రెండు వందల మందికి పైగా న్యాయవాదులు, న్యాయమూర్తులు వీడ్కోలు విందు ఇచ్చారు. మరుసటి ఏడాది మే 6న పారిస్‌లో భార్య ఇంట చనిపోయాడు. పేర్ లషేజ్ శ్మశానంలో కుటుంబ సమాధిలో కప్పిపెట్టారు, పైన ఫిలిప్ బెంజమిన్ అని రాశారు. పూర్తి పేరుతో ఫలకం 1938లో వచ్చింది. అమెరికాలో నార్త్ కరోలినాలోని షార్లెట్ పట్టణం, పారిపోయేటప్పుడు ఆయన అక్కడ తలదాచుకున్నందుకు గుర్తుగా 1948లో స్మారకం నిలిపింది. 2020 జూన్‌లో, బానిసత్వాన్ని సమర్థించినవారి విగ్రహాల మీద దేశమంతా ఆగ్రహం రేగినప్పుడు, దాన్ని తొలగించారు.

పరిశోధకుల పంట పండిన సంగతి ఒకటి మిగిలింది. విదేశాంగ శాఖ రహస్యాలు కాలిపోయాయి కానీ మామూలు దస్త్రాలు కాలలేదు. విలియం బ్రామ్‌వెల్ అనే గుమాస్తా వాటిని పెట్టెల్లో సర్ది రిచ్‌మండ్ నుంచి ముందే తరలించాడు. కాన్ఫెడరసీ దూతగా పనిచేసిన జాన్ పికెట్ వాటిని అమ్మకానికి పెట్టాడు. అమెరికా నౌకాదళ అధికారి ఒకరు అవి ఉన్న కెనడాకు వెళ్లి, పెట్టెలు తెరిచి అసలువేనని నిర్ధారించాడు. 1872లో అమెరికా ప్రభుత్వం 75 వేల డాలర్లిచ్చి కొనేసింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న ఆ కాగితాల్లో లండన్, పారిస్ దూతలకు బెంజమిన్ పంపిన ఆదేశాలు వరసగా ఉన్నాయి. పత్తి ఎన్ని బేళ్లు, ఎవరికి, ఏ ధరకు, ఏ షరతు మీద - ప్రతి ఉత్తరంలోనూ అదే గొడవ.

ఆ బేళ్లు లాంకషైర్ చేరకపోవడంతో మిల్లు యజమానుల చూపు తూర్పుకు తిరిగింది. బొంబాయిలో పత్తి ధర రెండింతలు మూడింతలై, డబ్బు వరదలా వచ్చిపడింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ లాంటి వ్యాపారులు వాటాల మార్కెట్‌ను ఊపేశారు. గుంటూరు నల్లరేగడి పత్తి కాకినాడ రేవులో ఓడలెక్కింది, ఆ రేవుకు పెద్ద పేరు రావడం అప్పుడే మొదలైంది. 1865 వసంతంలో రిచ్‌మండ్ కూలిందన్న కబురు బొంబాయి చేరిన తర్వాత వారాల్లోనే ఆ మిద్దెలన్నీ ఎలా కూలాయి, పత్తిని నమ్ముకుని అప్పుచేసిన రైతు ఏమయ్యాడు అన్నది వచ్చే భాగంలో.